రెక్క తిరగేసిందెవరు

“ఫ్యానంటే ఫ్యానే కదయ్యా! తిరగాలి, గాలి రావాలి. దానికింత పురాణమెందుకు?”

లాండ్రీ యజమాని ఆ మాట అనగానే వదిన కుట్టుమిషను మీది నుంచి కాళ్ళు తీసేసింది. కుడుతున్న చొక్కా చెయ్యి అలాగే సూది కింద ఉండిపోయింది. తన మరిది ఎదుట నిలబడి ఫ్యానంటే ఫ్యానే అన్న మనిషి అప్పటికే ఓడిపోయినట్టు లెక్క. ఆ సంగతి ఆ మనిషికి తెలియడానికే కాస్త సమయం పడుతుంది. ఆ సమయంలో జరిగేది చూడకుండా కూర్చుని చొక్కాలు కుట్టుకునేంత వెర్రిది కాదు వదిన.

ఆ కొట్టు మొత్తం ఒకటే గది. మధ్యలో చెక్క బీరువా అడ్డం పెట్టి, ఇటు సగంలో ఆమె బట్టలు కుడుతుంది, అటు సగంలో ఆమె భర్త తమ్ముడు ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఇటువైపు దారప్పోగులు ఎగిరి వెళ్ళి అతని బేరింగులకు చుట్టుకుంటాయి. అటువైపు గ్రీజు, కాళ్ళున్నట్టే నడిచొచ్చి, ఇటు తెల్లబట్టల మీదే వాలుతుంది. దాని మీద ఇద్దరికీ రోజుకొక పోట్లాట. పోట్లాట వినబడని రోజున ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని వీధిలో వాళ్ళు అనుకుంటారు.

ఆ సోమవారం మాత్రం పోట్లాట బయటినుంచి నడిచొచ్చింది. లాండ్రీ యజమానిని వీధంతా గంజి కాలరాయన అంటుంది. ఆయన చొక్కా కాలరు ఎంత బిర్రుగా ఉంటుందంటే, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. అలాంటి కాలరు పొద్దున పదిగంటలకే చెమటకు మెత్తబడి మెడ మీద వాలిపోయి ఉంది.

“శనివారం సాయంత్రం మా ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి పోయావు,” అన్నాడాయన మరిదితో. “నిన్న సెలవు. ఇవాళ ఇస్త్రీ మొదలుపెట్టామో లేదో, గదినిండా ఆవిరి. ఎదురుగా ఉన్నది మనిషో చొక్కానో తెలియడం లేదు. కాయిలు తప్పు చుట్టావు, ఒప్పేసుకో.”

“ఫ్యాను తిరుగుతోందా?”

“తిరక్కేం? తిరిగి ఏం లాభం? దీని బదులు ఓ సీలింగ్ ఫ్యాను తెచ్చి గోడలో ఆ కన్నంలో దూర్చినా ఇంతకంటే నయం.”

మరిది పానా, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని లేచాడు. నోరు మెదపకుండా లేచాడంటే కోపం నెత్తికెక్కిందని అర్థం. వదిన కొలత టేపు మెడలోనే ఉంచుకుని వెనక నడిచింది. వీధిలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు, ఖాళీ లేనివాళ్ళు కూడా, ఆమె వెనక నడిచారు.

ఇస్త్రీ గది నిజంగానే పొగమంచు కమ్మినట్టుంది. మరిది ఫ్యాను ముందు ఒక కాగితం ముక్క పట్టుకున్నాడు. కాగితం ఫ్యానువైపు వాలింది, కానీ మనసులేనట్టు వాలింది.

“మీ ఇంట్లో సీలింగ్ ఫ్యానుకి రెక్కలెన్నండీ?” అని అడిగాడు.

“మూడు. అయితే?”

“పొడుగా, పొట్టా?”

“పొడుగే.”

“దీనికో?”

“ఆరు. గరిటెల్లా ఉన్నాయి.”

“ఎందుకున్నాయంటారు?”

“చేసినవాణ్ణడుగు, నన్నడుగుతావేం?”

“పోనీ, మీరు నన్నడగండి,” అన్నాడు మరిది. జనం నవ్వారు. అతను గొంతు సవరించుకున్నాడు. “సీలింగ్ ఫ్యాను చేసేది గదిలో గాలిని గదిలోనే కలియబెట్టడం. దానికి ఎదురొచ్చేవాడు లేడు. అందుకే రెక్కలు పొడుగ్గా, సన్నగా, దాదాపు పడుకున్నట్టు ఉంటాయి. తీరుబడిగా తిరుగుతాయి, చాలా గాలిని మెల్లిగా కిందికి దింపుతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను బతుకు అలా కాదండీ. లోపలి గాలిని పట్టుకుని బయటికి గెంటాలి. గోడ మందం అడ్డు, జాలీ అడ్డు, బయటి గాలి ఎదురు తోస్తుంది. అందుకే రెక్క పొట్టిగా, వెడల్పుగా, బాగా ఏటవాలుగా ఉంటుంది. ఒకటి వదిలిన చోట ఇంకోటి అందుకోవాలని ఆరు పెట్టారు. వేగం కూడా దానికి నాలుగింతలు. సీలింగ్ ఫ్యాను రెక్కల్ని కోసి ఈ కన్నంలో పెట్టారనుకోండి, ఆవిరి దాని పక్కనుంచే తీరిగ్గా లోపలికొచ్చి మీతో కూర్చుంటుంది.”

“గుమ్మంలో నిలబడి రండి రండి అనేవాడొకడు, కిక్కిరిసిన బస్సులోంచి జనాన్ని తోసేవాడొకడు,” అంది వదిన అందరికీ వినబడేలా. “ఇద్దరికీ ఒకటే భుజాలు సరిపోతాయా?”

మరిది ఫ్యాను ఆపించి, రెక్క చివరకూ చుట్టూ ఉన్న రింగుకూ మధ్య చిటికెనవేలు దూర్చబోయాడు. దూరలేదు. “సందు సరిగ్గానే ఉంది. ఎక్కువుంటే గాలి ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది.” తర్వాత రెక్కను వేళ్ళతో తడిమాడు. అతని మొహం విచ్చుకుంది. “కాయిలు కాదండీ. ఈ ఆరు రెక్కల చక్రాన్ని ఎవరో విప్పి తిరగేసి పెట్టారు.”

అరచెయ్యి కొద్దిగా దొప్పలా వంచి చూపించాడు. “రెక్కకు పొట్టా వీపూ ఉంటాయి. ఈ దొప్ప ఉన్నవైపు పొట్ట. అది గాలి పోవాల్సిన వైపుకి, అంటే బయటికి చూడాలి. నీళ్ళు తొయ్యాలంటే అరచేత్తో తోస్తాం గానీ చెయ్యి వెనకతో తొయ్యం కదా. ఇప్పుడిది చెయ్యి వెనకతో తోస్తోంది.”

గంజి కాలరాయన కూడా తెలివితక్కువవాడేం కాదు. “తిరగేస్తే గాలి లోపలికి రావాలి కదా? మరి కాగితం అటెందుకు వాలింది?” అన్నాడు. జనంలో ఒకరిద్దరు తలలూపారు. వదినకు గుండె ఒక కుట్టు తప్పింది.

“అక్కడే అందరూ పొరబడతారండీ,” అన్నాడు మరిది. జేబులోంచి ఒక నట్టూ బోల్టూ తీశాడు. “ఈ నట్టుని ఈ ముఖం పెట్టి ఎక్కించండి. ఎటు తిప్పితే బిగిసింది? కుడికి. ఇప్పుడు నట్టుని తిరగేసి ఎక్కించండి. ఎటు తిప్పితే బిగిసింది? మళ్ళీ కుడికే. రెక్క వాలు కూడా అంతే, తిరగేసినా మారదు. గాలి అటే పోతుంది, కానీ పట్టుండదు. ఈ పాతరకం ఫ్యానుకి రెక్క ఎటు పెట్టినా దూరిపోతుంది, అదీ దీనితో వచ్చిన చిక్కు.”

ఆయన నట్టును రెండుసార్లు తిప్పి చూసి, మూడోసారి తిప్పకుండా ఇచ్చేశాడు.

“పొద్దున ఫ్యాను దగ్గరికి వెళ్ళిందెవరు?” అని అడిగాడు మరిది.

లాండ్రీలో ఊడ్చి తుడిచే ఆవిడ చీపురుతోనే ముందుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ మనిషి. “నేనేనయ్యా. తడిగుడ్డ పెట్టి తుడిచాను. విప్పలేదు.”

“విప్పకుండా తిరగబడదు కదమ్మా.”

“నేను విప్పలేదయ్యా,” అందావిడ మళ్ళీ, అదే గొంతుతో.

“చొక్కాని తిరగేసి ఆరేసే అలవాటమ్మా నీకు,” అంది వదిన. “చెయ్యి ఊరుకోక రెక్కని కూడా తిరగేసుంటావు!”

గది గదంతా నవ్వింది. మరిది స్క్రూ వదులు చేసి, రెక్క తీసి, తిప్పి పెట్టి బిగించాడు. స్విచ్చి వెయ్యగానే ఆవిరి, బడిగంట కొట్టాక పిల్లలు పోయినట్టు, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి పోయింది. గంజి కాలరాయన “సరేలే,” అన్నాడు. ఆయన నోట్లో అంతకంటే పెద్ద ఓటమి పలకదు.

ఆ వారంలోనే ఆయన ఆ తుడిచే ఆవిడను యంత్రాలున్నవైపు రావద్దని చెప్పి పెరట్లో బట్టలు నానబెట్టే తొట్ల దగ్గరికి పంపేశాడు. వీధి ఆవిడకు తిరగేసినమ్మ అని పేరు పెట్టింది. వీధి అంటే వదినే.

ఆ గెలుపు కథను వదిన ఆరు నెలలపాటు చెప్పింది. జాకెట్టు కొలతలిచ్చే ఆడవాళ్ళు చేతులు ఎత్తుకుని నిలబడి విన్నారు, మరో దారి లేదు కాబట్టి. తను మూడో తరగతిలో బడి మానేసిన సంగతి ఎవరైనా ఎత్తితే, “బడి నన్ను వదులుకుంది, నేను కాదు,” అనే మనిషి ఆమె. అలాంటి మనిషి రెక్కల పొట్టా వీపూ గురించి చెప్పేటప్పుడు చూడాలి, కాలేజీలో పాఠం చెప్పినట్టే.

నిజానికి మరిది చదువు కూడా పెద్దదేం కాదు. పందొమ్మిదో ఏట సీలింగ్ ఫ్యాన్లు చేసే ఒక కార్ఖానాలో చేరాడు. రెక్కలు తూచి మూడేసి జత కట్టడం అతని పని. మూడు రెక్కలూ తూకంలో కవలల్లా ఉండాలి. ఒకటి చెంచాడు ఇసకంత బరువెక్కువైనా ఫ్యాను తాగినవాడిలా ఊగుతుంది. నాలుగేళ్ళు తూచి తూచి, చివరకు తక్కెడ లేకుండా చేత్తోనే చెప్పేవాడు. కార్ఖానా మూతపడ్డాక వదిన తన కొట్లో సగం ఖాళీ చేసి, “ఇక్కడ కూర్చో, ఇంట్లో కూర్చుంటే తలుపుల బరువు కూడా తూస్తావు,” అంది.

ఎవరింటికి వెళ్ళినా అతను ముందు పైకి చూస్తాడు. మనుషులు మొహాలతో కాదు, ఫ్యాన్లతో గుర్తుంటారు. పెళ్ళి మాటల కోసం మొదటిసారి పిల్ల ఇంటికి వెళ్ళినప్పుడు కూడా పైకే చూస్తూ కూర్చున్నాడు. ఇంత సిగ్గరి దొరకడని వాళ్ళు మురిసిపోయారు. వెళ్ళేటప్పుడు, “మీ ఇంట్లో రెండో రెక్క వంగిందండీ,” అన్నాడు. అతను ఆ రోజు మాట్లాడింది అదొక్కటే. ఆ పిల్లే పెళ్ళామై వచ్చి, ఇప్పటికీ ఆ మాట పట్టుకుని ఏడిపిస్తుంది.

పనిలో అతనికొక పద్ధతి ఉంది. ఏ రెక్క విప్పినా, విప్పేముందు దానిమీద సుద్దతో గీత గీస్తాడు. వదిన బట్టల మీద గుర్తులు పెట్టుకునే సుద్ద అది. తీసుకోవడమే గానీ తిరిగివ్వడం అతని వంశంలో లేదు. సీలింగ్ ఫ్యానైతే రెక్కకూ దాన్ని పట్టుకునే కొమ్మకూ ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఎగ్జాస్ట్ ఫ్యానైతే తనవైపు కనబడే ముఖం మీద ఒకటే గీత. మళ్ళీ బిగించేటప్పుడు గీత తనవైపు ఉంటే చాలు, ఆలోచించక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళు ఆలోచించకుండానే బిగించాడు.

గొడవ జరిగిన ఆరు నెలలకు ప్రింటింగ్ షాపువాళ్ళు పిలిచారు. సిరా వాసన బయటికి లాగే ఫ్యాను ఆగిపోయింది. లోపల గోడకు ఆనించి కాగితం కట్టలు కప్పుదాకా పేర్చి ఉండడంతో, సందులో నిచ్చెన వేసి బయటినుంచే ఫ్యాను విప్పాడు. ఎండాకాలం కుట్టుపని తక్కువని వదినే నిచ్చెన పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత బిగించడానికి వెళ్ళేసరికి కాగితం కట్టలు సగం ఖర్చయిపోయి, గోడ దగ్గర చోటు దొరికింది. ఎండలో నిచ్చెనెందుకని లోపల స్టూలు వేసుకుని ఎక్కాడు.

రెక్కను చేతిలోకి తీసుకున్నాడు. సుద్ద గీత తనవైపు తిప్పుకున్నాడు. ఇరుసుకు ఎక్కించబోయాడు.

చెయ్యి ఆగిపోయింది.

“ఏమైంది? నడుం పట్టేసిందా?” అంది వదిన స్టూలు పట్టుకుని.

అతను దిగి, మిగిలిన కాగితం కట్టమీద కూర్చున్నాడు. రెక్క ఒళ్ళో ఉంది. “వదినా, లాండ్రీ ఫ్యాను విప్పిన రోజు నిచ్చెన ఎక్కడ వేశాం?”

వదిన జ్ఞాపకం ఎవరూ అడగకముందే జవాబు చెప్పే రకం. “పక్క సందులో. లోపల ఇస్త్రీ బల్ల అడ్డంగా ఉందని బయటినుంచి విప్పావు. నీ చెప్పు జారి నా నెత్తిన పడింది, మర్చిపోతానా?”

“బిగించిన రోజు?”

“వాన! సందులో మోకాలి లోతు నీళ్ళు. బల్లని నలుగురం పట్టి జరిపితే లోపలినుంచి బిగించావు. ఎందుకిప్పుడు...”

అతను ఒళ్ళో రెక్కను నెమ్మదిగా తిప్పాడు. బయట నిలబడి తనవైపు పెట్టుకున్న గీతను, లోపల నిలబడి మళ్ళీ తనవైపే పెట్టుకుంటే రెక్క తిరగబడుతుంది. దానికి మూడో తరగతి కూడా అక్కర్లేదు. వదిన రెక్క అందుకుని తనూ ఒకసారి తిప్పి చూసింది.

“ఆ శనివారం బిగించాక కాగితం పెట్టి చూశాను,” అన్నాడు మరిది. “అటే వాలింది. ఆవిరి లేదు కదా, బలం ఎంతుందో తెలియలేదు. సుద్ద ఆవిరికి కరిగిపోయింది. సోమవారం నాకు గీత కనబడలేదు. ఆవిడ మాత్రమే కనబడింది.”

ఆ రోజు ఫ్యాను సరిగ్గానే బిగించి వచ్చారు. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు కొట్లో పోట్లాట లేదు. ఇస్త్రీ చేసి తెచ్చినట్టు బట్టలన్నీ మడతలు సరిగ్గా ఉన్నాయి, దారప్పోగులు అటు పోలేదు. పక్క కొట్టాయన రెండుసార్లు తొంగిచూసి, “ఇద్దరికీ ఒకేసారి జ్వరమా?” అని అడిగి వెళ్ళాడు.

మూడో రోజు వదినే మొదలుపెట్టింది. “ఆరు నెలలైందయ్యా. ఎవరికి గుర్తుంది?”

“నీకుంది.”

“నేనెవరికి చెప్తాను?”

మరిది బీరువా పక్కనుంచి తల బయటికి పెట్టి ఆమెవైపు చూశాడు. నవ్వకూడదనుకున్నా వదినకు నవ్వొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె కడుపులో ఒక్క మాట కూడా రాత్రికి నిలవలేదు.

“సరే, నేను చెప్పనని ఒట్టేస్తాను, నువ్వు నమ్మొద్దు,” అంది. “అయినా నీ పని చూసుకో. ఎక్కడికెళ్ళినా నీ గురించి, రెక్కలాయన చెప్పాడంటే చెప్పాడే అంటారు. ఆ మాట ఒకసారి పోయిందంటే, రేపటినుంచి నువ్వు బిగించిన ప్రతి ఫ్యాను ముందూ ఓ పెద్దమనిషి కాగితం పట్టుకుని నిలబడతాడు.”

“నిలబడనీ.”

“నిలబడతాడులే, సుఖంగా! ఆ తుడిచే ఆవిడకేమైంది మాత్రం? పని పోయిందా? పెరట్లో ఉంది.”

అప్పుడే వీధిలో ఎవరో, “తిరగేసినమ్మా, టైమెంతైంది?” అని కేకేశారు. ఆవిడ లాండ్రీనుంచి ఇంటికి పోతూ ఆగి, లాండ్రీ గడియారం చూసి వచ్చానని, అయిదున్నర దాటిందని చెప్పింది. కోపం లేదు, సిగ్గు లేదు. సొంత పేరు విన్నట్టే తిరిగి చూసింది. సబ్బునీళ్ళలో నాని నాని చేతివేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతుల్ని కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది.

వదినకు చేతిలో కత్తెర బరువెక్కింది. ఈ వీధిలో చాలామందికి చాలా పేర్లు ఆమె పెట్టింది. కొలతలు తీసుకోకుండా ఆమె ఏ రోజూ గుడ్డ కొయ్యలేదు. ఆ పేరు మాత్రం కొలతలు తీసుకోకుండానే కుట్టింది, అది ఆవిడ ఒంటికి అతుక్కుపోయింది.

“పోనీ, వెళ్ళి ఆవిడకొక్కదానికీ చెప్పు,” అంది గొంతు తగ్గించి. “చెవిలో చెప్పినా తప్పు ఒప్పుకున్నట్టే.”

“నిన్న వెళ్ళాను.”

“ఎక్కడికి?”

“పెరట్లోకి. తొట్ల దగ్గరికి. నిచ్చెన, వాన, గీత, అన్నీ చెప్పాను. తప్పు నాదమ్మా అన్నాను.”

“ఏమంది?”

“దుప్పటి పిండుతూ విన్నది. పిండడం అయ్యాక, ‘ఇక్కడ చెప్తే ఎవరు విన్నారయ్యా, సబ్బునీళ్ళా?’ అంది. అంతే. మళ్ళీ ఇంకో దుప్పటి తీసుకుంది.”

ఆవిడ మాట తక్కువ మనిషని వదిన ఇన్నాళ్ళూ అనుకుంది. తక్కువే, కానీ ఒక్కటీ వృథా పోదు.

మరిది బీరువా ఇటువైపుకి వచ్చాడు. ఆ ఇరవై ఆరేళ్ళలో పోట్లాటకో సుద్దకో తప్ప అతను ఇటువైపు రాలేదు. కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

“నేను గంజి కాలరాయనతో మాట్లాడాను వదినా. రేపు పొద్దున పదింటికి ఇస్త్రీ గదిలో రెక్క విప్పి, తిరగేసి చూపిస్తాను. ఎలా జరిగిందో, ఎవరి చేత్తో జరిగిందో అందరి ముందూ చెప్తాను. ఆయన ఒప్పుకున్నాడు. నేను ఓడిపోతుంటే చూడాలని ఆయనకూ ఉంది కదా, ఆ మాత్రం సరదా తీర్చుకోనీ. ఆవిణ్ణి మళ్ళీ లోపలి పనిలోకి తీసుకుంటాననే మాట కూడా ఆయన చేత అక్కడే అనిపిస్తాను.”

“అనిపిస్తావులే. మరి నాతో ఏం పని?”

“ఆ రోజు గదినిండా జనం ఉన్నారు. నేను గెలవడం అంతమందీ చూశారు. రేపు కూడా అంతమందీ ఉండాలి, ఒక్కరు తగ్గకూడదు. నేను పిలిస్తే ఎవరూ రారు, ఏ ఫ్యానుకో పనిముట్లు అడగడానికొచ్చాననుకుని అవిచ్చి పంపేస్తారు. నువ్వు వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా గుమ్మం గుమ్మానికీ వెళ్ళు. ఆరు నెలలు నువ్వు చెప్పిన కథ తప్పని నీ నోటితో చెప్పి తీసుకురా. ఆవిణ్ణి పిలిచేటప్పుడు మాత్రం, ఆవిడ అసలు పేరేంటో ముందు కనుక్కుని, ఆ పేరుతో పిలువు వదినా.”